లింగమ్మ చెక్కిన తోపుడు దిమ్మలు

అనగా అనగా, మన తాతల తాతలు కూడా కళ్లు తెరవని కాలాన, కొండల దిగువన మద్దిపురమనే చిన్న రాజ్యం ఉండేది. దాని పక్కనే ఒక ఏరు. ఏటేటా వానాకాలంలో ఆ ఏరు పొంగి లంక పల్లెలను ముంచెత్తేది. పడవలున్న వాళ్లు ఒడ్డు చేరేవారు. లేనివాళ్లు నీళ్లలో కలిసిపోయేవారు.

ఒక ఏడు వరద తీశాక, బురదలో వరసగా పడుకోబెట్టిన శవాలను చూసి రాజుగారి గుండె చెరువైంది. "మళ్లీ వానలు పడేలోగా ప్రతి పల్లెకూ పడవలుండాలి" అని ఆజ్ఞాపించారు.

పడవలకు పలకలు కావాలి. వాటిని కోసే పని ముగ్గురు అన్నదమ్ములకు అప్పగించారు. పెద్దవాడు మౌనాచారి, నడిమివాడు గురవాచారి, చిన్నవాడు సిద్ధాచారి. మౌనాచారి భార్య లింగమ్మ కూడా వడ్రంగి బిడ్డే. ఉలి పట్టడం ఆమె పుట్టింట్లోనే నేర్చుకుంది.

వాళ్ల కోతశాల వాగు ఒడ్డున ఉండేది. తూము తలుపు ఎత్తితే నీళ్లు దూకి పెద్ద కొయ్యచక్రాన్ని తిప్పేవి. దానితో పాటే ఒక ఇనుప రంపపు చక్రం తిరిగేది. మందపాటి బల్లకు నడుమ సన్నని చీలిక ఉండేది. ఆ చీలికలోంచి రంపం పళ్లు పైకి లేచి గిర్రున తిరిగేవి. దుంగను బల్లమీద పెట్టి చేతులతో ముందుకు తోస్తే పలకగా చీలి వచ్చేది.

"దీనికి అలుపన్నదే లేదు" అని మౌనాచారి మురిసిపోయేవాడు.

"జాలి కూడా లేదు" అనేది లింగమ్మ.

మౌనాచారికి ఆ రంపం ఏళ్లనాటి నేస్తం. పలక చివరికి వచ్చేసరికి మిగిలిన జానెడు ముక్కను వేళ్లతోనే నెట్టేవాడు. రంపం పళ్లు గోళ్ల పక్కనుంచే పోయేవి. ఎప్పుడూ ఏమీ కాలేదు. కాలేదు గనుక ఇక కాదనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం పలకలో ముడి తగిలింది. రంపం దాన్ని కరిచి ఒక్క కుదుపు కుదిపింది. ఆనిన చెయ్యి జారి ముందుకు పోయింది.

 మౌనాచారి తన కుడిచేతిని చూసుకుంటూ నిలబడిపోయాడు. వేళ్లు రంపపుపొట్టులో పడి ఉన్నాయి. సిద్ధాచారి పరుగున వెళ్లి తూము దించాడు. చక్రం వెంటనే ఆగలేదు. తన తిరుగుడు తాను తిరిగి, నెమ్మదిగా ఆగింది.

పుండు మానడానికి నెలలు పట్టింది. అన్నాళ్లూ తమ్ముళ్లు రంపం జోలికి పోలేదు, కోతశాల మూతపడే ఉంది. లింగమ్మే భర్తకు ముద్దలు కలిపి తినిపించేది. ఒకనాడు అతను అన్నం ముందు తల వంచుకుని, "ఇకమీదట నేను ఉలి ఎట్లా పట్టుకుంటాను?" అని అడిగాడు.

లింగమ్మ చెయ్యి కడుక్కుని లేచింది. పెరట్లోకి వెళ్లి, చింతచెక్క తీసుకుని పనికి కూర్చుంది. రెండు దిమ్మలు చెక్కింది. ఒక్కోదానికి పైన పట్టుకోవడానికి పిడి, అడుగున వెనకవైపు మడమలాంటి చిన్న మెట్టు. మరుదులిద్దరినీ పిలిచింది.

"ఒక దిమ్మతో పలకను బల్లకేసి అదిమి పట్టండి. రెండోదాని మడమ పలక చివరకు తగిలించి తొయ్యండి. పలక రంపం దాటేదాకా పట్టు వదలొద్దు. పలక వెనకాల నిలబడకండి, ఓ పక్కగా నిలబడండి."

గురవాచారి నవ్వాడు. "వదినా, చెక్క వడ్రంగి చేతికి తగలాలి. అన్నయ్య ఆ రోజు పరధ్యానంలో ఉన్నాడు. నేను ఉండను. ఇవి పట్టుకుంటే గురవడు భయపడ్డాడని ఊరు నవ్వదా?"

"భయపడితే తప్పేముంది నాయనా?"

"నువ్వు ఊరికే దిగులు పడతావు" అని దిమ్మలను గూట్లో పెట్టేశాడు.

గురవాచారి ఉత్త చేతులతోనే మళ్లీ కోత మొదలుపెట్టాడు. నిజంగానే అతను పరధ్యానంగా లేడు. చూపంతా రంపం మీదే పెట్టాడు. కానీ చెయ్యి పళ్లకు దగ్గరైనప్పుడల్లా అన్న చెయ్యి కళ్లలో మెదిలేది. ఒకసారి అలా మెదిలినప్పుడు, రెప్పపాటున పట్టు సడలింది. పలక లేచింది. రంపం వెనక పళ్లు దాన్ని అందుకుని వెనక్కి విసిరాయి. అది అతని పొట్టలో గుద్దుకుంది.

చుక్క నెత్తురు కనిపించలేదు. తన కాళ్లమీద తానే ఇంటికి నడిచి వచ్చాడు. "ఏమీ కాలేదు వదినా, కాసిని మంచినీళ్లియ్యి" అన్నాడు. నీళ్లు మింగలేకపోయాడు. "చెయ్యి వెనక్కి తీసుకున్నాను వదినా... అంతే" అన్నాడు. పొద్దు వాలేలోగా ప్రాణం పోయింది.

మళ్లీ కోతశాల మూతపడింది. ఆకాశాన మబ్బులు కమ్ముతున్నాయి.

"ఆ రంపాన్ని ఏట్లో పారేద్దాం వదినా" అన్నాడు సిద్ధాచారి ఏడుస్తూ.

"పారేస్తే పడవలుండవు. పారేయకపోతే నువ్వుంటావో లేదో నాకు తెలియదు" అంది లింగమ్మ. "వెళ్లమని చెప్పే నోరు నాకు లేదు. వెళితే మాత్రం ఇవి పట్టుకో."

సిద్ధాచారి దిమ్మలు తీసుకుని వెళ్లాడు. ముందు తూము ఎత్తకుండా, కదలని రంపం మీదే తోయడం అలవాటు చేసుకున్నాడు. చేతులు కుదిరాకే నీళ్లు వదిలాడు.

పని మెల్లగా సాగింది. రాజుగారి దండనాయకుడు కొరడాతో వచ్చాడు.

"ఏమిటీ నత్తనడక? నీ అన్నలు ఇంతకు రెట్టింపు కోసేవారు. ఆ బొమ్మలు అవతల పారేసి చేతులతో తొయ్యి!"

"నిజమే అయ్యా, త్వరగానే కోశారు. పెద్దన్నకు వేళ్లు లేవు, చిన్నన్నే లేడు. ఈ రంపం ఆగిపోయి ఉన్న నాళ్లను తమరు లెక్కలోకి తీసుకోలేదు."

"ఎదురు చెబుతావా!" కొరడా వీపు మీద పడింది.

"కొట్టండి. చేతులు మాత్రం దాని దగ్గర పెట్టను" అని సిద్ధాచారి తరువాతి పలక ఎత్తి బల్లమీద పెట్టాడు. దిమ్మలు ఆనించి తోయసాగాడు.

ఆ పలక లోపల పగులు ఉంది. చివరకు వస్తూనే ఫెళ్లున విరిగింది. వెనకనున్న దిమ్మ ముందుకు దూసుకుపోయింది. రంపం దాన్ని మడమ నుంచి పిడి మొదలు దాకా నమిలేసింది. చెక్కముక్కలు ఎగిరి దండనాయకుడి పాదాల దగ్గర పడ్డాయి. సిద్ధాచారి పక్కకు తప్పుకుని, రెండు చేతులూ ఎదురుగా పెట్టి చూసుకున్నాడు. వేళ్లన్నీ ఉన్నాయి.

అక్కడ దిమ్మకు బదులు చెయ్యి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. దండనాయకుడు తన అరచెయ్యి చూసుకుని వెళ్లిపోయాడు. లింగమ్మ ఆ ముక్కలు ఏరి పొయ్యిలో వేసి, మరో దిమ్మ చెక్కడానికి కూర్చుంది.

సిద్ధాచారి వాన తొలిచినుకు పడేదాకా కోశాడు. పల్లెపల్లెకూ పడవలు చేరాయి. చివరి పల్లెకు మాత్రం చేరలేదు. ఆ పల్లెకు కావలసిన పలకలు కోతశాల మూతపడిన కాలంలో కోయవలసినవి. ఏరు పొంగింది. పడవలున్న పల్లెలు బతికాయి. ఆ ఒక్క పల్లె బతకలేదు.

వరద తీశాక రాజుగారు స్వయంగా కోతశాలకు వచ్చారు. సిద్ధాచారికి బంగారు కడియం ఇవ్వబోతే, అతను అన్నకిమ్మన్నాడు. రాజుగారు మౌనాచారి కుడిచేతికి దాన్ని తొడిగి, "సరిపోయిందా?" అని అడిగారు.

"మణికట్టుకు సరిపోయింది మహారాజా" అన్నాడు మౌనాచారి. "దీన్ని పట్టి చూసుకోవడానికే వేళ్లు లేవు."

రాజుగారు తల దించుకున్నారు. ఆనాటి నుంచి ఆ రాజ్యంలో తోపుడు దిమ్మలు లేనిదే ఏ కోతశాలలోనూ తూము ఎత్తలేదు.

పిల్లలూ, విరిగిన దిమ్మను మళ్లీ చెక్కుకోవచ్చు, పోయిన చేతిని ఎవరూ చెక్కివ్వలేరు. అందుకే ఎంత తొందరలోనైనా, ఎంత పనివాడైనా, కోసే పదునుకూ తన చేతికీ మధ్య అడ్డు ఉంచుకోవాలి.