మొద్దబ్బాయి తలకెక్కని మాట

కోతలైపోయిన చేలో బాతుల మంద పరిగె ఏరుకుంటోంది. చేను చుట్టూ ముళ్ళకంప. దానికి ఒకటే సందు. ఆ సందులో ఒళ్ళంతా బురద పూసుకుని, అడ్డంగా పడుకున్నాడు మొద్దబ్బాయి అనే దున్నపోతు.

మొద్దబ్బాయికి ఏ మాటా ఒకసారికి తలకెక్కదు. ఈ కథ చెప్పేవాడిదీ అదే తల, కొమ్ములే తక్కువ. కుర్రతనంలో మొద్దబ్బాయి అర్థం కాకపోయినా సిగ్గుపడి తలాడించేవాడు. అలా తలాడించే ఓసారి పెళ్ళివారి బండిని తిన్నగా కాలవలో దింపేశాడు. పెళ్ళికొడుకు తడిపంచెతో తాళి కట్టాడు. మొద్దబ్బాయి వీపు వారం రోజులు వాచింది. ఆనాటి నుంచి సిగ్గు మానేసి, "మళ్ళీ చెప్పు" అనడం నేర్చుకున్నాడు.

ఆ మధ్యాహ్నం బాతుల కాపరి అలా వెళ్ళాడో లేదో, ఇలా నక్క వచ్చింది.

"మొద్దబ్బాయి బావా, కాస్త లేస్తావా? కాపరే పంపాడు నన్ను. ఆ తుప్పల అవతల వడ్లు ఒలికిపోయాయట, బాతుల్ని తోలుకు రమ్మన్నాడు."

"వడ్లే!" అని పెద్దబాతు సూరాయమ్మ పిల్లాజెల్లానీ వరసలో నిలబెట్టేసింది. ఆవిడకి సగం మాట చాలు, మిగతా సగం తనే అల్లేసుకుంటుంది.

"నాకెక్కలేదు బావా, మళ్ళీ చెప్పు," అన్నాడు మొద్దబ్బాయి.

"దున్నపోతు మీద వాన కురిసినట్టే!" సూరాయమ్మ కిసుక్కుమంది.

నక్క ఓపిక పట్టింది. "కాపరి తాటిచెట్టు కింద అన్నం తింటూ చెప్పాడయ్యా, అవతల వడ్లున్నాయని."

"ఇంకొక్కసారి."

"కాపరికి జ్వరమయ్యా బాబూ! లంఖణం చేసి మంచమెక్కాడు. అవతల చోళ్ళున్నాయి, తోలుకు రమ్మన్నాడు!"

మొద్దబ్బాయి నెమరు ఆపాడు. "అన్నం తింటున్నవాడు లంఖణం ఎప్పుడు చేశాడు? వడ్లు చోళ్ళెలా అయ్యాయి? కోప్పడకు బావా, మొదట్నుంచీ చెప్పు."

ముందుకెత్తిన కాలు సూరాయమ్మ అలాగే గాల్లో ఉంచేసింది.

నక్కకి ఒళ్ళు మండిపోయింది. "వడ్లయితేనేం, చోళ్ళయితేనేం! లే ముందు! తుప్పల్లో మావాళ్ళు ఆరుగురు పొద్దున్నుంచీ ఆకలితో చస్తున్నారు!"

"ఆఁ! ఇది ఒక్కసారికే ఎక్కింది," అంటూ మొద్దబ్బాయి లేచి కొమ్ములు వంచాడు.

నక్క వెనక్కి తిరగబోయి పక్కనున్న కంపలో పడి లేచి, సగం తోక ముళ్ళకి అప్పగించి పరుగు లంకించుకుంది.

సూరాయమ్మ మెల్లగా కాలు దించింది. "అబ్బాయిగారూ, ఆ విద్యేదో మాకూ నేర్పండి."

"ఏమిటీ? మళ్ళీ చెప్పు."

అర్థమైందని తలాడించినవాడు కాలవలో దిగుతాడు, కాలేదని ఒప్పుకున్నవాడు గట్టెక్కుతాడు.