మాస్టారి గ్లాసులో కషాయం

ప్రశ్న అడిగిన మనిషికి జవాబు చెప్పడం పరమేశం మాస్టారికి అలవాటు లేదు. ఏదో ఒక పని పురమాయించి తన దారిన తాను పోయేవారు. కోపాన్ని ఎలా జయించాలండీ అని ఒకాయన అడిగితే, చిక్కుపడిన బావి తాడు ఆయన చేతిలో పెట్టి భోజనానికి వెళ్ళిపోయారట. మారేడుమిల్లి దారిలో కొండవాలున ఉన్న ఆ ఆశ్రమంలో పాతవాళ్ళు అందుకే ఏదైనా అడిగేముందు తమకి తీరిక ఉందో లేదో చూసుకునేవారు.

ఉత్పలకి ఆ సంగతి తెలియదు. ఆమె వచ్చి ఇరవై రోజులే అయింది. కాకినాడలో ఒక బీమా ఆఫీసులో లెక్కలు చూసేది. వయసు ఇరవై ఎనిమిది, రోజుకి తొమ్మిది టీలు. ఒకనాడు మెట్లెక్కుతుంటే గుండె దడదడలాడి గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. "టీ, కాఫీ బొత్తిగా మానెయ్యమ్మా. మూడు నెలలు మాని రా, అప్పటికీ తగ్గకపోతే మాత్రలు మొదలెడదాం" అన్నారు డాక్టరు. మొదటిసారి ఆరు రోజులు మానింది. రెండోసారి పదకొండు. ఇది మూడోసారి. ఆశ్రమంలో టీ పెట్టరని విని, సెలవు పెట్టి ఇక్కడికి వచ్చింది.

ఇక్కడి పద్ధతి వేరు. పొద్దుటి పాఠం అయ్యాక అరుగు మీద గంగాళం నిండా మరిగిన నీళ్ళు పెడతారు. పక్కనే వరసగా కుండలు: తులసి, నిమ్మగడ్డి, ఎండిన మందార రేకులు, సుగంధి వేళ్ళు, ధనియాలు, సొంటి, కటిక చేదు నేలవేము. ఎవరికి కావలసింది వాళ్ళు గ్లాసులో వేసుకుని కాసేపు మూతపెట్టి తాగాలి. ఇది తాగు, అది వద్దు అని చెప్పేవాళ్ళు లేరు. అయినా పాతవాళ్ళు పద్దెనిమిది మంది చేతులూ నేలవేము కుండలోకే వెళ్ళేవి.

దానికి కారణం మాస్టారే. ఆయన ఇత్తడి గ్లాసు మాత్రం వంటింట్లోంచి వచ్చేది. మొదటి గుటక వేయగానే ఆయన కళ్ళు గట్టిగా మూసుకునేవారు. మొహమంతా ముడుచుకుపోయేది. ఆ మొహం చూశాక లోపల ఉన్నది నేలవేము కాదని ఎవరనగలరు? పైగా భుజంగరావు గారొకరు. తహసీల్దారుగా చేసి దిగినవారు. రెండు గ్లాసుల నేలవేము వెంటవెంటనే దించి, ఎవరైనా చూశారా అని నలువైపులా చూసేవారు. మొదటి రోజు ఉత్పల గ్లాసులో ఎర్రటి మందార నీళ్ళు చూసి, "షర్బత్తా అమ్మాయీ? కానీ, కానీ. కొత్తలో అందరూ అంతే" అన్నారు.

మర్నాడు ఆమె కూడా నేలవేములోకి మారింది. ఊరికే మారలేదు. పుస్తకాలు తిరగేసి ఏడింటికీ మార్కులు వేసుకుంది. యాభైకి నలభై ఒకటితో నేలవేమే పైన నిలిచింది. లెక్క తేలిపోయింది, ఇక నాలుకతో పనేముంది?

కాని పదహారో రోజుకి ఆమెకి తెల్లవారడమంటేనే భయం పట్టుకుంది. కళ్ళు తెరవగానే ఆ చేదు గుర్తొచ్చేది. దాని వెనకే ఘాట్ రోడ్డు మలుపులోని టీ బడ్డీ గుర్తొచ్చేది. పందొమ్మిదో రోజు బడ్డీ దాకా నడిచింది. ఆశ్రమం గేటు నుంచి నాలుగు వందల ఎనభై అడుగులు. పొంగుతున్న టీ వాసన పీలుస్తూ నిలబడి, వెనక్కి వచ్చేసింది. ఈసారి వెళితే తాగకుండా రాదు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు.

ఇరవయ్యో రోజు పాఠం అవగానే మాస్టారి ముందు నిలబడింది.

"మాస్టారూ, మనకి మేలు చేసేదాని మీదకి మనసెందుకు పోదండీ? ఇరవై రోజులు చూశాను. రేపు నేను టీ తాగేస్తాను."

మాస్టారు వంటింటి వైపు చూశారు. "వరహాలమ్మ పిండి రుబ్బుతోంది. ఇవాళ నా గ్లాసు నువ్వు కాచి పట్టుకురామ్మా" అన్నారు.

ఉత్పలకి ఏడుపొచ్చినంత పనైంది. అయినా వంటింట్లోకి వెళ్ళి, నీళ్ళు మరగపెట్టి, నేలవేము గుప్పెడు తీసింది. రోలు దగ్గర కూర్చున్న వంటావిడ వరహాలమ్మ గావుకేక పెట్టింది.

"ఓలమ్మో! అదెవరికమ్మా?"

"మాస్టారికి."

"సంపేత్తావా ఏటి ఆయన్ని? ఆ సేదు ఆయన ఒక్కనాడు నోట్లో ఎట్టుకుంటే కదా! రెండు నిమ్మగడ్డి ఆకులు, ఇంత బెల్లమ్ముక్క. అంతే."

"మరి రోజూ ఆ మొహం అలా..."

"పన్నమ్మా, పన్ను! కింద దవడది. వేడి తగిల్తే జివ్వుమంటాది. పీకించీసుకోండి బాబూ అంటే ఇంటారా? వచ్చే నెల, వచ్చే నెల. మూడేళ్ళ నుంచీ అదే నెల."

ఉత్పల గుప్పిట్లో నేలవేముతోనే నేల మీద కూలబడింది. పద్దెనిమిది మంది, ఇరవై రోజులు. తను చూసినంతలోనే మూడు వందల అరవై గ్లాసుల చేదు, ఒక్క పన్ను చూసి! నవ్వు ఆగలేదు. ఇరవై రోజుల నుంచి గుండెల మీద కూర్చున్న బరువేదో ఆ నవ్వుతో సగం దిగింది.

వంటింటి మాట వంటింట్లో ఆగుతుందా? మర్నాటి పొద్దుటికి నేలవేము కుండ దగ్గరికి ఒక్కరూ రాలేదు. నిమ్మగడ్డి కుండ ఖాళీ అయింది. అది చాలక పెరట్లో ఉన్న దుబ్బుని కూడా మొదలంటా కోసేశారు. భుజంగరావు గారు నిమ్మగడ్డి గ్లాసుతో కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఎందుకైనా మంచిదని మొహం కూడా కాస్త ముడిచారు.

ఉత్పల కూడా ఆ పొద్దున నిమ్మగడ్డే తాగింది. బాగానే ఉంది. కాని గ్లాసు దించాక టీ బడ్డీ మళ్ళీ గుర్తొచ్చింది. అప్పుడామె మార్కుల కాగితం మడిచి పెట్టెలో పడేసి, వంటింట్లో వరహాలమ్మ పక్కన పీట వేసుకుంది. ఒక్కొక్కటే కాచుకుని, తలా రెండు గుటకలు తాగి చూసింది. తులసి చిన్నప్పటి జ్వరాన్ని గుర్తుకు తెచ్చింది. మందార పుల్లగా బాగుంది, మధ్యాహ్నాలకి సరిపోతుంది. సుగంధి ఎండాకాలం దాకా ఆగగలదు. ఇంతలో వరహాలమ్మ మూకుట్లో ధనియాలు వేయించింది. ఆ కమ్మటి వాసనకి ఉత్పల తలెత్తింది. సొంటి ముక్క చేర్చి దంచి, నీళ్ళు గోధుమరంగు తిరిగేదాకా మరిగించి, బెల్లం వేసి, దించాక చుక్క పాలు పోసుకుంది. ఒక్క గుటక వేసింది. భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. గ్లాసు ఎప్పుడు ఖాళీ అయిందో తెలియలేదు. ఆ పూట భోజనం అయ్యేదాకా బడ్డీ ఊసే తలపుకి రాలేదు.

ఇరవై నాలుగో రోజున అరటిపళ్ళకి మలుపు దాకా వెళ్ళింది. "టీ ఇమ్మంటారా, మేడమ్?" అన్నాడు బడ్డీవాడు. "వద్దు బాబూ" అనేసి పళ్ళు తీసుకుని వచ్చేసింది. వద్దనడానికి కష్టపడలేదన్న సంగతి సగం దారిలో గానీ ఆమెకి తట్టలేదు. డాక్టరు చెప్పిన గడువుకి ఇంకా అరవై ఆరు రోజులున్నాయి. ఆ అంకె తలుచుకుని ఆమె బెదరకపోవడం ఇదే మొదటిసారి.

మర్నాడు అరుగు మీద ఆమె గ్లాసులోంచి వాసన గుప్పుమంది. భుజంగరావు గారు తొంగి చూశారు.

"ధనియాలా? రసంలో వేసుకునేవే కదమ్మా! వీటిలో అంత గుణం ఏముందని?"

"అరుగుదలకి మంచిదటండీ. పైత్యం కూడా..." ఉత్పల గబగబా చెప్పుకుపోతోంది.

మాస్టారు చెయ్యెత్తి ఆపారు.

"దాని గుణం సంగతి అది చూసుకుంటుందిలే అమ్మా. నువ్వు ఇంకో గ్లాసు పోసుకుంటావా, అది చెప్పు."