చేపల మెట్లు

మెడలో వేసిన పూలదండ వాడకముందే పైడయ్య దర్గాకు వచ్చేశాడు. పాత ఆనకట్ట మీద ముప్పై ఏళ్ళు గేట్లు ఎత్తి దించిన లస్కరు ఆయన. ఆ ఉదయమే రిటైరయ్యాడు.

"బాబా, అందరూ తెగ పొగిడారు. నా హయాంలో ఒక్క చుక్క నీరు వృథా కాలేదన్నారు. అయినా మనసెందుకో కుదుటపడటం లేదు. నావల్ల ఎవరికైనా కీడు జరిగిందా? మీరు లేదంటే చాలు, హాయిగా ఇంటికి పోతాను."

దర్గాను చూసుకునే మౌలా బాబా చేతికర్ర అందుకుని "పద బేటా" అన్నాడు.

ఆ ఆనకట్ట కట్టిన మేస్త్రీలది ఎంత ముందుచూపో! ఒక అంచున రాతిమెట్లు పేర్చి, వాటి మీదుగా కాస్త నీరు జారేలా వదిలారు. వరదల నెలల్లో సముద్రం నుంచి ఎదురీదుకొచ్చే చేపలు ఆ మెట్లెక్కి, ఎగువకు పోయి గుడ్లు పెట్టేవి. మన పైడయ్య కొలువులో చేరిన ఏడాదే ఆ నీరు దండగనుకుని, ఎవరూ చెప్పకుండానే పైమెట్టు దగ్గర చెక్కలు బిగించేశాడు. ఎగువన చేపలు పట్టే పల్లెకారులు వచ్చి మొత్తుకుంటే, "చేపకు మెట్లేమిటయ్యా, పెళ్ళికూతురా?" అని నవ్వి పంపాడు.

బాబా అతన్ని కింది మెట్టు దగ్గర కూర్చోబెట్టాడు.

"నీళ్ళలో చెయ్యి పెట్టు. గోడకు ఆనించు."

పెట్టాడు. చాలాసేపటికి చేతికి ఏదో ఠక్కున తగిలింది. వెనక్కి పోయి, మళ్ళీ వచ్చి తగిలింది. చేప! దారి కోసం గోడను పొడుస్తోంది.

"ఒక్కటే ఉంది బాబా."

"నువ్వు చెక్కలు కొట్టిన ఏడాది నేనూ ఇక్కడే చెయ్యి పెట్టాను. వందల చేపల తాకిడికి నిమిషం కూడా ఉంచలేకపోయాను."

"అప్పుడే నన్ను నాలుగు తిట్టలేకపోయారా?"

"నవ్వుతావని ఊరుకున్నాను. తప్పు నాదీనూ."

పైడయ్య ఏడుస్తూనే మెట్లెక్కాడు. గోళ్ళు విరుగుతున్నా ఆగకుండా చెక్కలన్నీ పీకేశాడు. నీరు గలగలా మెట్లు దిగింది. పొద్దు వాలేదాకా రెప్పవేయకుండా చూశాడు. చేప కింద సుడిలోనే తిరిగింది తప్ప ఒక్క మెట్టూ ఎక్కలేదు.

"దారి తెరిచాను కదా బాబా! ఎందుకెక్కదు?"

బాబా నీళ్ళకేసి చూస్తూ మెల్లగా అన్నాడు.

"దీనికంటే ముందు ఎక్కి చూపించేవాళ్ళేరి, బేటా?"