గోరింక పెట్టిన పేరు

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలో ఎవరికీ అమ్మ పెట్టిన పేరు ఒక్కటే చాలేది కాదు. అందరూ నీళ్ళు తాగే మడుగు దగ్గర ఇంకో పేరు పడాల్సిందే!

ఆ పేర్లు పెట్టేది సింగారి అనే గోరింక. ఈ పనిలో దానిది అందె వేసిన చెయ్యి. గోరింకకి చెయ్యెక్కడిదంటారా? అయితే అందె వేసిన ముక్కు అనుకోండి.

ఒకసారి ఎలుగుబంటి తేనెపట్టులో తల దూర్చి, ఈగల చేత కుట్టించుకుని, ఉబ్బిన మొహంతో నీళ్ళకి వచ్చింది. "వచ్చాడమ్మా బూరెమూతి!" అంది సింగారి. ఎలుగుబంటి కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. ఇంకోసారి తాబేలు మేనకోడలి పెళ్ళికని బయల్దేరి, తీరా దాని బిడ్డ బారసాలకి చేరింది. ఆ రోజు నుంచి అది బారసాల బాబాయి. ఎవరైనా అలా పిలిస్తే తాబేలు ఎంత మురిసిపోయేదో!

పేరు పెట్టడానికి అక్కడ ఒక పద్ధతి ఉంది. సింగారి పేరు చెప్పగానే అందరూ ఆ జంతువు వంక చూస్తారు. అది వద్దంటే పేరు పోతుంది. ఏమీ అనకపోతే పేరు ఖాయం.

"మౌనం అర్ధాంగీకారం కదా!" అనేది సింగారి, తోక ఊపుతూ.

ఒక సాయంత్రం ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులున్న అలుగు నీళ్ళకి వచ్చింది. అది నోరు విప్పి మాట్లాడటం ఎవరూ ఎరగరు. అది వంగి నీళ్ళు తాగబోతుంటే ఫెళ్ళున ఉరిమింది. అలుగు ఉలిక్కిపడి బంతిలా చుట్టుకుపోయింది. గట్టు మీంచి దొర్లి బుడుంగున నీళ్ళలో పడింది.

"పిరికిముద్ద!" అంది సింగారి.

అందరూ విరగబడి నవ్వారు. అలుగు ఎలాగో గట్టెక్కాక దాని వంక చూశారు. పాపం, దానికి గొంతు పెగల్లేదు. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. కానీ నిలువునా తడిసినవాడి కన్నీళ్ళు ఎవరికి కనబడతాయి?

"ఖాయం!" అంది సింగారి.

"ఏమే సింగారీ, వాడు నవ్వలేదే!" అంది ఎలుగుబంటి.

"వద్దని కూడా అనలేదుగా బావా!" అని సింగారి తుర్రుమంది.

మర్నాటి నుంచి అలుగు ఎటు వెళ్తే అటు ఆ పేరే. కోతిపిల్లలు కొమ్మల మీద గెంతుతూ "పిరికిముద్దా, దొర్లిపో!" అని పాట కట్టాయి. అలుగు కొన్నాళ్ళు ఓర్చుకుంది. చివరికి వాగు దాటి, అవతల గుట్ట కింద బొరియ తవ్వుకుని ఉండిపోయింది. అది వెళ్ళిన సంగతి సింగారికి పట్టనే లేదు. ఇప్పచెట్టు తొర్రలో గుడ్లు పెట్టుకుని, పొదిగి, పిల్లల్ని చేసింది. దాని సంబరం దానిది.

ఒక సాయంత్రం మేతతో వచ్చేసరికి చెట్టు మొదలంతా నల్లగా కదులుతోంది. గండుచీమలు! బారులు తీరి తొర్ర వైపు పాకుతున్నాయి. లోపల కళ్ళైనా సరిగా తెరవని పిల్లలు. సింగారి ముక్కుతో పొడిచింది, రెక్కలతో కొట్టింది. పది పోతే వంద వచ్చాయి.

అప్పుడు దానికి తట్టింది. ఇన్నాళ్ళూ ఈ చెట్టు కింద పుట్టలు తవ్వి చీమల్ని తిన్నది ఎవరు? అలుగే కదా!

అది వాగు అవతల గుట్ట కింద ఉంటోందని ఎవరో అనగా విన్నది గుర్తొచ్చి, సింగారి ఒక్క ఊపున వాగు దాటి బొరియ ముందు వాలింది.

"ఒరేయ్ పిరికిముద్దా! తొందరగా రారా!"

లోపలి నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

సింగారి గొంతు మార్చింది. "ఓ వీరాధివీరా! మహాబలుడా! నీకు సాటి ఎవరు? నా పిల్లల్ని కాపాడు!"

ఈసారి లోపలి నుంచి చిన్న గొంతు వినబడింది. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. నాకు తెలియదా?"

సింగారికి సిగ్గుతో తల వాలిపోయింది. అడవిలో అందరికీ పేర్లు పెట్టిన తనకి, ఈ అలుగు అసలు పేరు తెలియదు! ఒక్కనాడూ అడగలేదు. ఇక మాటలతో ఆడుకోవాలనిపించలేదు. ఉన్నదున్నట్టు చెప్పాలనిపించింది.

"అన్నా, నీ పేరేంటో నాకు తెలియదు. నువ్వు మాట్లాడకపోతే ఒప్పుకున్నావనుకున్నాను. తప్పు నాదే. మీ అమ్మ నిన్ను ఏమని పిలిచేది?"

కాసేపటికి బొరియలోంచి సన్నటి మూతి బయటికి వచ్చింది.

"ఓబులేసు" అంది అలుగు. "అలా పిలిచి చాలా రోజులైంది ఎవరైనా. పద చెల్లెమ్మా, పిల్లలెక్కడ?"

ఓబులేసు గోళ్ళతో చెట్టు మొదట్లో పుట్టని పెకలించింది. పొడవాటి నాలుకతో చీమల్ని ఊడ్చేసింది. చీమలు కుట్టబోతే పొలుసుల మీద వాటి పప్పులుడకలేదు. తర్వాత తోక ఆనించి మాను పైకెక్కి, తొర్ర అంచున ఉన్నవాటినీ ఖాళీ చేసింది. పిల్లలు దక్కాయి. సింగారి వాటిని రెక్కల కింద పొదువుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

పిల్లలకి రెక్కలొచ్చాక సింగారి వాటిని మడుగు దగ్గరికి తెచ్చింది. ఓబులేసునీ వెంటబెట్టుకుని వచ్చింది.

"ఇప్పుడు వీడికి గొప్ప పేరొకటి పెట్టవే!" అంది ఎలుగుబంటి. "చీమలరాజు ఎలా ఉంది?"

"ఎలా ఉందో నన్నడుగుతావేం బావా? అన్నని అడుగు" అంది సింగారి.

అందరూ ఓబులేసు వంక చూశారు. అది గొంతు సవరించుకుంది. తొందరేం లేదన్నట్టు సింగారి ఓపిగ్గా ఎదురుచూసింది.

"వద్దు" అంది ఓబులేసు. అందరి ముందు దాని మొట్టమొదటి మాట అదే. "మా అమ్మ పెట్టిన పేరు నాకు చాలు."

అంతే! గోరింకపిల్లలు గొంతులు చించుకుంటూ అరిచాయి. "ఓబులేసు మామా! ఓబులేసు మామా!" కోతిపిల్లలూ అందుకున్నాయి. ఓబులేసు ఈసారి ముడుచుకోలేదు. మడుగు గట్టు మీద నిలబడి, కడుపారా నీళ్ళు తాగింది.

నీతి: నోరు మెదపనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. మనం పిలిచే పేరు, పిలిపించుకునేవాళ్ళకి నచ్చాలి.