ఎర్రపేలిక లేని చేను

రాజలింగం గురువుకు వాదన పడదు. శిష్యుడెవరైనా ప్రశ్న వేస్తే ఆయన నోరు తెరవడు, చేతికర్ర అందుకుంటాడు. "నడువు" అంటాడు. ఎక్కడికని అడిగితే దానికీ జవాబుండదు. వయసులో ఉన్నప్పుడు మగ్గం నేసి, మగ్గం కూడు పెట్టనని మొండికేశాక కూలికి పత్తిచేలలో మందు కొట్టి, ఆ మందుకే సొమ్మసిల్లి సాలు నడుమ పడి లేచిన మనిషి ఆయన. మాటల మీద నమ్మకం ఆ సాలులోనే పోయిందంటారు.

ఆయన దగ్గర ఒక కట్టడి ఉంది. ఏటా గురుపూజనాడు శిష్యులంతా ఒకే బట్ట కట్టుకోవాలి. ఆ బట్టకు పత్తి మారుబాయి చేను నుంచే రావాలి. మారుబాయి అడవి అంచున సేద్యం చేసే ముసలామె. పేడ, వేపపిండి తప్ప తన నేలకు ఇంకొకటి రుచి చూపించలేదు. ఆశ్రమం మగ్గం మీద నేసిన ఆ బట్ట ముతక. నాలుగు ఉతుకులు పడేదాకా మెడ దగ్గర గీరుతుంది.

ఆ ఏడు అంగీలు కుట్టించే పని శిష్యుల్లో మల్లేశు మీద పడింది. మల్లేశు గొర్రెల కాపరుల ఇంట పుట్టి, పట్నంలో దర్జీ పనిలో స్థిరపడ్డవాడు. బట్ట సంగతి తనకంటే ఎరిగినవాడు లేడని కాస్త ధీమా. ఒక పొద్దున అతను గురువు ముందు రెండు తెల్ల గుడ్డముక్కలు పరిచాడు.

"అయ్యా, ఇది మన బట్ట. ఇది పట్నంల దొరికేది. ఇదీ పత్తే, అదీ పత్తే. ఇదీ తెలుపే, అదీ తెలుపే. పట్నంది మెత్తగున్నది, అందరు గదే అడుగుతున్నరు. ఏ చేన్ల పండిందో అంగీ మీద రాసుంటదా? తొడుక్కునేటోనికి తేడా ఏంది?"

గురువు చూపు మందగించి చాలాకాలమైంది. రెండు ముక్కలనూ వేళ్లతో తడిమాడు. "మెత్తగనే ఉన్నది" అని ఒప్పుకున్నాడు. తర్వాత కర్ర అందుకున్నాడు. "నడువు. ఈ ఏడు నీ పత్తి వద్దని మారుబాయికి చెప్పొద్దాం. ఆమె గూడ తిప్పలు పడలేక, నేను సుత మందులకు మళ్లుతనేమో అంటున్నది. మనం అక్కరలేదంటే ఆమెకు దారి ఖుల్లా అయితది. చెప్పేది మాత్రం నువ్వే."

ఇంత సులువుగా తెగుతుందని మల్లేశు అనుకోలేదు. హుషారుగా ముందు నడిచాడు. వాగు దాటాక గురువు ఊపిరి తీసుకోవడానికి బండ మీద కూర్చుని, నువ్వు పద, నేనొస్తానన్నట్టు చేయి ఊపాడు.

మలుపులో మల్లేశు అక్క బీరవ్వ ఎదురైంది. వెనక ఆమె మంద. మేత వెతుక్కుంటూ ఊళ్లు దాటి వచ్చింది.

"ఏం తమ్మీ, సూదీదారం పారేసి సన్నాసుల్ల కలిసినవా?"

"నా సంగతి సరే. నీ గొర్లేంది, బొక్కలు లెక్కపెట్టేటట్టున్నయి?"

"తిండి దొరికితే గద! ఏ చేనన్న వదిలిన్రా చెప్పు, పున్నెముంటది."

ఆ దిక్కున ఒక ఆనవాయితీ ఉంది. ఆఖరి పత్తి ఏరాక చేలను మందలకు వదిలేస్తారు. గొర్రెకు ఆకు, నేలకు ఎరువు. ఈమధ్యనే మందు కొట్టిన చేనైతే మాత్రం గెట్టు మూలన కట్టె పాతి ఎర్రపేలిక కడతారు. అది కనబడితే ఏ కాపరీ మందను అటు తిప్పడు.

మల్లేశు దారి పక్కనున్న, ఎవరిదో తనకు తెలియని చేనును చూశాడు. ఏరడం అయిపోయింది. మూలన పేలిక లేదు. "గిండ్ల తోలక్కా" అని చేయి చూపించి తన దారిన పోయాడు.

కాస్త దూరం పోయాక రేగుకంపకు ఏదో ఎర్రగా చిక్కుకుని కనబడింది. దగ్గరికి పోయి చూస్తే పేలిక. కంప మొదట్లో విరిగిన కట్టె.

మల్లేశు దాన్ని కంప నుంచి పీకాడు. ఈ పేలిక ఏ చేనుది? వెనక్కి తిరిగి చూశాడు. పక్కపక్కన రెండు చేన్లు. ఒకే ఎత్తు మొక్కలు, ఒకే తీరు ఎర్రబారిన ఆకు, ఒకే తీరు వట్టిపోయిన కాయలు. ఎంత చూసినా తేడా అందలేదు. నిరుడు పక్క ఊరి కాపరి ఒకడు ఇలాగే మందను వదిలాడు. పొద్దు గూకేసరికి ఒక్క గొర్రె నిలబడలేదు. బీరవ్వకు ఇల్లూ వాకిలీ ఆ మందే. మొగుడు పోయాక పిల్లల నోట్లోకి ముద్ద పోయేది దాని మీదనే.

మందు కొట్టేటప్పుడు మనిషి ముక్కుకు గుడ్డ కట్టుకుంటాడు. గొర్రె ఏం కట్టుకోవాలి? వానపాము ఏం కట్టుకోవాలి? వాన పడ్డాక చేల నీళ్లన్నీ దిగే ఆ వాగు మూతికి ఎవరు కట్టాలి?

మల్లేశు పేలిక పట్టుకుని పరుగెత్తాడు. "అక్కా! మర్లెయ్! మందను మర్లెయ్!"

అప్పటికే మంద చేను నిండా పరుచుకుంది. ప్రతి నోట్లోనూ ఆకు. తమ్ముడి చేతిలో ఎర్రగుడ్డ చూడగానే బీరవ్వకు అర్థమైంది. "నా నోట్ల మన్ను గొడ్తివి గదరా!" అని గొర్రెపిల్లను ఒడిసిపట్టి, దవడలు విప్పి, వేలు పెట్టి ఆకు లాగేసింది. నురగ వస్తోందా అని దాని మూతి తుడిచి తుడిచి చూసింది. మల్లేశు కేకలు పెడుతూ గొర్రెలను అదిలించాడు. ఆకలిగొన్న గొర్రె ఎవరి మాట వింటుంది? ఒకదాన్ని నెడితే పది వెనక్కి వచ్చాయి.

"ఎవడ్రా వాడు? మేసే గొర్లను బెదిరిస్తున్నడు!"

పత్తికట్టెల మోపు నెత్తిన పెట్టుకుని మారుబాయి వస్తోంది. ఆమె వెనక కర్ర తాటించుకుంటూ గురువు.

"అమ్మా..." మల్లేశు పేలిక చూపించాడు. "ఈ చేనుకు మందు ఎప్పుడు కొట్టిన్రు?"

"మందా? నా చేనుకా?" ఆమె మోపు కింద పడేసింది. "ఎండ దెబ్బ తగిలిందా నీకు? అగో, ఎండిన కందిసాళ్లు అవుపడ్తున్నయా? పక్కాయన కొట్టే మందు గాలికి ఇటు రావద్దని ఏటా పెడ్త. వాటికవతల ఆయనది, ఇవతలంత నాది. ఆ పేలిక గూడ ఆయనదే, రాత్రి గాలికి కట్టె విరిగినట్టున్నది. నా చేనుకు పేలిక కట్టుడు మా తాతలు సుత ఎరుగరు."

మంద ముందు నడిచే పొట్టేలు అప్పుడే కందిసాళ్ల దగ్గరికి చేరింది. బీరవ్వ దుమికి దాని కొమ్ములు పట్టి ఇవతలికి తిప్పింది. తిప్పి, అక్కడే నేల మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ఇందాక నోట్లోంచి లాగేసిన ఆకును ఏరి మళ్లీ గొర్రెపిల్ల మూతికి అందించింది. "మెయ్యి తల్లీ, కడుపునిండ మెయ్యి."

మారుబాయి పేలిక తీసుకుపోయి కందిసాళ్ల అవతల కట్టి వచ్చింది. మల్లేశు గెట్టు మీద కూర్చున్నాడు. గుండె దడ తగ్గేకొద్దీ కంటికి ఏవేవో ఆనడం మొదలైంది. కాళ్ల దగ్గర వానపాములు కుప్పేసిన గుల్లమట్టి. కాయకూ కాయకూ నడుమ సాలెగూడు. గొర్రెల డెక్కలకు లేచిన పురుగుల కోసం వెంట తిరుగుతున్న గోరింకలు. కందిసాళ్ల అవతల ఒక్క పిట్ట వాలలేదు. ఇందాక ఈ రెండు చేన్లూ అతనికి ఒక్క తీరుగానే కనబడ్డాయి.

"అవ్, ఇంత ఎండల పడి ఎందుకొచ్చిన్రు?" అని అడిగింది మారుబాయి.

గురువు ముఖం మల్లేశు వైపు తిప్పాడు.

మల్లేశు జేబులోని గుడ్డముక్కలను లోపలికి తోశాడు. "పత్తి... మన పత్తికి బండి ఎప్పుడు తోలాల్నో అడుగుదామని."

మారుబాయి "ఈసారి రారనుకున్న" అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎల్లుండి తోలు. మంచిది ఏరి పెడ్త."

గురువు కర్ర నేలకు తాటించి వెనక్కి తిరిగాడు.

"మెడకాడ గీరుతది మల్లేశూ" అన్నాడు. "నడువు."