మజ్జిగ చెప్పిన వేగం

చిదంబరస్వామికి ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు లేదు. "పద, అలా వెళ్లొద్దాం" అని లేచేవారు. వెళ్లిన చోట ఏదో ఒకటి జరిగేది. అదే జవాబని సరిపెట్టుకోవాలి. అందుకే పొదిలి శివార్లలోని ఆ చిన్న ఆశ్రమంలో, ఎండాకాలం వచ్చిందంటే ఎవరికీ ఆధ్యాత్మిక సందేహాలు వచ్చేవి కావు.

మార్కండేయులికి మాత్రం నడివేసవిలోనే వచ్చింది. ఆశ్రమం వ్యవహారాలన్నీ చూసే శిష్యుడతను.

"స్వామీ, సాధకుడికి మనశ్శాంతి ముఖ్యం కదా. దాన్ని పొద్దస్తమానం చెడగొట్టే మనిషిని ఏం చేయాలి?"

ఆ మనిషెవరో స్వామి అడగలేదు. కాత్యాయనమ్మ హైస్కూల్లో లెక్కల టీచరుగా రిటైరై ఆశ్రమానికి వచ్చింది. రిటైరైన సంగతి ఆవిడ మనసుకి ఇంకా ఎక్కలేదు. మార్కండేయులు ఉపన్యాసమిస్తుంటే మధ్యలో చెయ్యెత్తి, "ఈ కథ పోయిన వారం ఇంకోలా చెప్పావు నాయనా" అనేది. చందాదారులకి ముందు వరసలో కుర్చీలు వేయిస్తే, "ఈ ఏర్పాటు దేవుడికి తెలుసా?" అనేది. వంటలో ఉప్పు సంగతి సరేసరి.

"ఆవిణ్ణి మన కనిగిరి ఆశ్రమానికి పంపించేస్తే హాయిగా ఉంటుంది స్వామీ" అన్నాడు మార్కండేయులు. హాయి ఎవరికో చెప్పలేదు.

"పద, మనమే దింపి వద్దాం" అని స్వామి లేచారు.

ఆశ్రమానికి ఒక కారుంది. ఒక భక్తుడు కొత్తది కొనుక్కున్న సంతోషంలో సమర్పించుకున్న పాతది. దాని డాష్‌బోర్డు మీది ముళ్లు ఎప్పుడో సమాధి స్థితికి చేరుకున్నాయి. స్పీడు ముల్లు నలభై దగ్గర, ఇంజను వేడి చూపే ముల్లు సరిగ్గా మధ్యలో ఆగిపోయాయి. బాగుచేయించమంటే మార్కండేయులు, "అన్నీ చక్కగానే చూపిస్తున్నాయిగా" అనేవాడు. ఇంజను వేడెక్కితే వెలిగే ఎర్రదీపం ఒక్కటే పనిచేసేది. అది చిరాకు పెడుతోందని దానిమీద వినాయకుడి స్టిక్కరు అంటించాడు. అప్పట్నుంచి వినాయకుడి బొజ్జ అప్పుడప్పుడూ ఎర్రగా వెలిగేది. మార్కండేయులు దణ్ణం పెట్టుకునేవాడు.

స్వామి ముందు సీట్లో కూర్చున్నారు. కాత్యాయనమ్మ ఎందుకు, ఎన్నాళ్లకని అడగకుండా పరుపుచుట్ట పక్కన పెట్టుకుని, పాలక్యాను నిండా మజ్జిగ ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. ఊరు దాటాక నోరు విప్పింది.

"నెమ్మదిగా పోనీ నాయనా. నన్ను వదిలించుకోవడానికి మరీ ఇంత తొందరా?"

"నలభై మీదే వెళ్తున్నానమ్మా, చూడండి."

ఆవిడ ముందుకు వంగి చూసింది. "నీ ముల్లు నలభై అంటోంది. నా మజ్జిగ ఎనభై అంటోంది. చీర సగం తడిసింది."

స్వామి కిటికీలోంచి బీడు పొలాలు చూస్తున్నారు. కాసేపటికి వెనకనుంచి మళ్లీ, "ఏదో మాడుతున్న వాసన" అని వినిపించింది.

"ఎవరో చెత్త తగలబెడుతున్నారమ్మా."

"ఇంత దూరం నుంచీ మనతోనే వస్తోందేం ఆ చెత్త?"

మార్కండేయులు పళ్లు బిగించి వినాయకుడి వైపు చూశాడు. బొజ్జ ఎర్రగా వెలుగుతోంది, ఆరడం లేదు. దణ్ణం పెట్టడానికి స్టీరింగు మీంచి చెయ్యి తీశాడో లేదో, బానెట్ కిందనుంచి ఆవిరి బుస్సుమంది. కారు నాలుగు దగ్గులు దగ్గి రోడ్డు పక్కన నిలబడిపోయింది.

"ఇప్పుడు కూడా నలభై మీదేనా నాయనా?" అంది కాత్యాయనమ్మ.

ముల్లు నలభై మీదే ఉంది.

మార్కండేయులు విసురుగా దిగి, బానెట్ ఎత్తి, లోపలికి వంగాడు. "వెనక్కి రా!" అని ఒక్క కేక వినపడింది. తరగతి గది మొత్తాన్ని కూర్చోబెట్టే గొంతు అది. ఆలోచించకుండానే వెనక్కి గెంతాడు. ఆ వెంటనే గొట్టం పగిలి, మరిగే నీళ్లు అతని ముఖం ఉండాల్సిన చోట చిమ్మాయి.

ముగ్గురూ తుమ్మచెట్టు కింద కూర్చుని మిగిలిన మజ్జిగ తాగారు. మార్కండేయులు మూతి తుడుచుకుని, "ఉప్పు కాస్త తక్కువైనట్టుందమ్మా" అన్నాడు.

"తక్కువే. రేపట్నుంచి వేస్తాను" అంది ఆవిడ. "నాకు ఎవరైనా చెబితే వినే అలవాటుంది."

అటుగా వచ్చిన ట్రాక్టరాయన తాడు కట్టి, "ఎటు లాక్కెళ్లమంటారు సామీ? కనిగిరికా, పొదిలికా?" అని అడిగాడు. స్వామి శిష్యుడి వైపు చూశారు. మార్కండేయులు వెనక సీట్లోని పరుపుచుట్ట వైపు చూశాడు.

"పొదిలికే" అన్నాడు మెల్లగా. తర్వాత గట్టిగా, "రేపే మెకానిక్‌ని పిలిచి ఈ మీటర్లన్నీ బాగుచేయిస్తాను స్వామీ" అన్నాడు.

స్వామి డాష్‌బోర్డు మీది వినాయకుణ్ణి గోటితో జాగ్రత్తగా ఒలిచి అతని చేతిలో పెట్టారు.

"చేయించు. ఈలోగా ఈయన్ని పూజగదికి పంపించి, టీచరమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టు."