తెల్లగట్టు బడిలో ఆఖరి వరస

కొండమీది మఠంలో ఉండే నాగలింగస్వామి దగ్గరికి ప్రశ్నతో వెళ్ళినవాళ్ళు జవాబుతో తిరిగిరావడం అరుదు. ఏదో ఒక పని నెత్తిన పెట్టించుకొని కొండ దిగేవారు. ఒకరిని ఫలానా సంతకు పోయి రమ్మనేవాడు, ఇంకొకరిని ఎవరింటి అరుగు మీదో పొద్దుగూకేదాకా కూర్చోమనేవాడు. పని ముగించుకొని వచ్చాక కూడా ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

మార్కండేయులు ఆయనకు చాలాకాలంగా శిష్యుడు. కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం మానేసి, నాపరాళ్ళ గనుల్లో పనిచేసే వలస కూలీల పిల్లల కోసం తెల్లగట్టు అనేచోట బడి పెట్టించాడు. పట్నంలోని పెద్దమనుషులు కొందరు ఆ బడి చూసి ముచ్చటపడ్డారు. అలాంటిదే ప్రతి గని దగ్గరా కట్టిద్దామని ముందుకొచ్చారు. వాళ్ళకు సరేనని చెప్పేముందు మార్కండేయులు కొండెక్కి గురువు ముందు కూర్చున్నాడు.

"స్వామీ, ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో ఆ పిల్లకు నా బడి అందుతోందా? అదొక్కటి తెలిస్తే చాలు."

"నువ్వు చూళ్ళేదా?"

"ఎన్నోసార్లు చూశాను. వాకిట్లో నిలబడి వింటాను. పిల్లలంతా ఒక్క గొంతుతో పాఠం చెబుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది. లోపలికి పోతే పాఠం ఆగిపోతుందని పోను."

స్వామి, "ఈసారి లోపలికి పో. ఆఖరి వరసలో ఆఖరి పిల్ల పక్కన కూర్చో. బడి వదిలాక ఆ పిల్ల వెంట ఇంటిదాకా నడువు," అన్నాడు.

తెల్లగట్టులో ప్రతిదాని మీదా రాతిపొడి పేరుకొని ఉంటుంది. గుడిసెల కప్పులు, తుమ్మచెట్ల ఆకులు, కుక్కల వీపులు అన్నీ ఒకే రంగు. పొడిలో అడుగు మెత్తగా దిగబడుతుంది గాని చప్పుడు కాదు. బడి పొడవాటి రేకుల షెడ్డు. వాకిలి, నల్లబల్ల ఒక కొసన ఉన్నాయి. రెండో కొసన గోడకు అవతల రాయి కోసే మిషన్లు ఆగకుండా తిరుగుతుంటాయి.

పాఠం చెప్పే రాఘవులు సారు మార్కండేయుల్ని చూసి లేచి దండం పెట్టాడు. తాను వెనక కూర్చుంటానంటే, "మీ ఇష్టం సామీ," అని పక్కకు తప్పుకున్నాడు. మార్కండేయులు పిల్లల మధ్యనుంచి నడిచి వెనక్కి పోయాడు. లోపలికి పోయేకొద్దీ వెలుతురు తగ్గింది. గోడ వారగా, రెప్పల మీద తెల్లటి పొడి పట్టిన ఒక పిల్ల ఒదిగి కూర్చొని ఉంది. పేరు మద్దమ్మ అని తరువాత తెలిసింది. ఆయన ఆమె పక్కన చతికిలపడ్డాడు.

సారు బల్ల మీద ఏదో రాసి, బెత్తంతో చూపిస్తూ నోరు తెరిచాడు. పిల్లలందరూ నోళ్ళు తెరిచారు. మార్కండేయులు ఎప్పటిలాగే ఒళ్ళు పులకరిస్తుందని ఎదురుచూశాడు. ఏమీ వినబడలేదు. మిషన్ల రొద తప్ప ఇంకేమీ లేదు.

చెవి అటు పెట్టి విన్నాడు. ఎక్కడో దూరాన, గట్టు అవతలినుంచి వచ్చినట్టు సన్నగా పాఠం వినబడుతోంది. ముందు వరసల్లో కూర్చున్న మేస్త్రీల పిల్లలు, దుకాణాలవాళ్ళ పిల్లలు మెడలు బిగబట్టి చెబుతున్నారు. వాళ్ళ వెనకనుంచి గోడదాకా ఉన్న పిల్లల నోళ్ళు కూడా వాళ్ళతోపాటే తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఒక్క నోటినుంచి కూడా శబ్దం రావడం లేదు. బల్ల మీది అక్షరాలు అక్కడికి తెల్లటి మసకలా ఉన్నాయి.

ఆయన పక్కనున్న పిల్ల వైపు వంగి, "నువ్వేం చెబుతున్నావమ్మా?" అని అడిగాడు.

మద్దమ్మ కళ్ళు బల్ల మీదనుంచి తిప్పలేదు. "నోరాడిస్తాండా. నువ్వూ ఆడించు. ముందు పిల్లోల్లు యాడ ఆపితే ఆడ ఆపాల."

"సారు చూడరా?"

"సారు కండ్లు ఇంతదూరం రావు."

అది నిజమో కాదో తెలుసుకుందామని మార్కండేయులు చెయ్యెత్తాడు. సారు చూపు మొదటి వరసనుంచి బయలుదేరి, రెండో వరస దాటి, మూడో వరస దగ్గర ఆగి, అక్కడేదో గోడ ఉన్నట్టు వెనక్కి మళ్ళింది. ఆయన లేచి నిలబడ్డాడు. "సారూ" అని పిలిచాడు. ఎవరూ తల తిప్పలేదు. తన గొంతు తనకే వినబడలేదు. తాను కట్టించిన బడిలో, తనకు ఇందాక దండం పెట్టిన మనిషి ఎదురుగా, తాను లేనట్టే పాఠం సాగిపోతోంది. ఆయన మెల్లగా కూర్చున్నాడు. కొంతసేపటికి తన పెదవులు కూడా కదులుతున్నాయని గమనించి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

గంట కొట్టాక సారు చెమట తుడుచుకుంటూ వచ్చి, "ఎట్లుండాది సామీ పాఠం?" అని అడిగాడు. ఆయన గొంతు నిజంగానే బొంగురుపోయి ఉంది. వెనకవాళ్ళ మాటేమిటని మార్కండేయులు అడిగితే ఆ మనిషి కొంచెం నొచ్చుకున్నాడు. "ముందు వరసల నుంచే గొంతు వస్తాది సామీ. వచ్చే గొంతును పట్టుకొని పోతాండా. చూసిపోయినోళ్ళు ఎవరూ తప్పు పట్టలేదు."

మార్కండేయులు వాకిట్లో నిలబడి వినే సంగతి సారు అనలేదు గాని, మార్కండేయులు తల దించుకున్నాడు.

తరువాత ఆయన మద్దమ్మ వెంట నడిచాడు. వాళ్ళ గుడిసె గనికి పక్కనే ఉంది. తల్లి సుంకులమ్మ చంకలో చిన్నపిల్లను వేసుకొని గుమ్మంలో ఎదురుచూస్తోంది. ఆ పసిదానికి దగ్గు, ఒళ్ళంతా గజ్జి. మందుల క్యాంపువాళ్ళు వచ్చి రెండు సీసాలు ఇచ్చిపోయారట. ఏది దేనికో చెప్పారు గాని తల్లి పనిలో పడి మరిచిపోయింది. రెండూ ఒకే ఎత్తు, లోపలి మందు ఒకే గులాబీ రంగు.

"పాప వచ్చి సదువుతాదని పెట్టుకొనుండా సామీ," అంది సుంకులమ్మ, కొత్త మనిషికి చాప పరుస్తూ. "మా ఇండ్లల్లో సదువు వచ్చింది దీనికొక్కదానికే." ఒక సీసా తీసి కూతురి చేతికిచ్చింది.

మద్దమ్మ సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. కళ్ళు దానికి అంటించిన చీటీ మీద నిలిపింది. పెదవులు కదిలాయి, బడిలో కదిలినట్టే. తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, సరిగ్గా ఆగాల్సినచోట ఆగాయి. తరువాత ఆ పిల్ల సారు పాఠం చెప్పే రాగంతోనే, తడుముకోకుండా, "పూటకొక చెంచా తాపాల," అంది.

తల్లి చెంచాలో మందు వంచింది. పసిది నోరు తెరిచింది.

మార్కండేయులు ఎప్పుడు లేచాడో ఆయనకే తెలియదు. సుంకులమ్మ మణికట్టు పట్టుకున్నాడు. చెంచా ఒలికి చాప తడిసింది. సీసా తీసి చూస్తే చీటీ మీద ఎర్రటి అక్షరాలు: పైపూతకు మాత్రమే. మింగరాదు.

"పాప సదివింది కదా సామీ?" అంది సుంకులమ్మ అయోమయంగా.

ఆయన మద్దమ్మ వైపు చూశాడు. ఆ పిల్ల ముఖంలో బెదురు లేదు, సిగ్గు లేదు. ఆయన్నే చూస్తూ పెదవులు కదిలిస్తోంది. శబ్దం లేదు.

"అక్షరాలు చిన్నవమ్మా. వెలుతురు చాల్లేదు," అన్నాడాయన చివరికి. తాగే సీసా మెడకు దారం కట్టి ఆనవాలు చెప్పాడు. తన చేత్తోనే పసిదానికి దగ్గుమందు పట్టి, అది నిద్రపోయేదాకా అక్కడే కూర్చున్నాడు. పట్నంవాళ్ళకు ఇప్పుడే బడులు వద్దని ఆ సాయంత్రమే కబురు పంపాడు.

మరునాడు కొండెక్కేసరికి మఠంలో భజన జరుగుతోంది. మార్కండేయులు ఒక పక్కన కూర్చున్నాడు. భజన నిండుగా, ఇంపుగా ఉంది. కొంతసేపటికి గాని అందులో తన గొంతు లేదని ఆయనకు తెలియలేదు. పెదవులు మాత్రం తాళం తప్పకుండా కదులుతున్నాయి. ఉలిక్కిపడి చుట్టూ ఉన్న ముఖాలు చూశాడు. అందరి నోళ్ళూ తెరుచుకొని ఉన్నాయి. ఎవరిది గొంతో, ఎవరిది ఉత్త నోరో పోల్చుకోవడం ఆయన వల్ల కాలేదు.

అందరూ వెళ్ళిపోయాక జరిగినదంతా గురువుకు చెప్పాడు. చెప్పి, ఆగి, అడగలేక అడిగాడు.

"అంత చిన్నపిల్ల, స్వామీ. కన్నతల్లి దగ్గర అంత తొణక్కుండా అబద్ధమాడటం ఎక్కడ నేర్చుకుంది?"

స్వామి దీపం వత్తి సవరించి, ఆయన వైపు తిరిగాడు.

"అబద్ధమెందుకంటావు? నీ బడిలో ఆ పిల్లకు బాగా వచ్చిన పాఠం అదొక్కటే," అన్నాడు.